పంటి బిగువున దాగిన మాట

తెలుగు నుడికారంలో దంతాలకు దక్కిన చోటు చిన్నది కాదు. కోపం వచ్చినవాడు పళ్లు నూరుతాడు. సిగ్గు విడిచి నవ్వేవాడు పళ్లికిలిస్తాడు. చెడిపోదలచినవాడికి సాధనాల కొరత ఉండదని చెప్పడానికి 'పళ్లూడగొట్టుకోవడానికి ఏ రాయైతేనేమి' అంటారు. బాధను పైకి చెప్పక ఓర్చుకున్నవాణ్ణి 'పంటి బిగువున భరించాడు' అని మెచ్చుకుంటారు. ఈ చివరి పలుకుబడిలో ఒక చమత్కారం ఉంది. కాలి నొప్పినో కడుపు నొప్పినో పంటి బిగువున భరించవచ్చు. నొప్పి పుట్టింది పంటిలోనే అయినప్పుడు ఆ బిగువును ఎక్కడినుంచి తెచ్చుకోవాలి? అయినా పల్లెవాసులు పంటినొప్పిని సైతం అలాగే భరిస్తారు. లవంగం నొక్కిపెడతారు, ఉప్పునీరు పుక్కిలిస్తారు, రాత్రి దవడకు తువ్వాలు కట్టుకుని పడుకుంటారు. చివరికి భరించలేక దంతవైద్యుని ముందు నోరు తెరుస్తారు. నోరు తెరుస్తారే గాని మాట విప్పరు. చికిత్సలో సగం కష్టం అక్కడే మొదలవుతుంది.

ఈ మాట అంతటికీ వర్తించేదే అయినా, ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా అడవిలోకి సాగే దారిలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. ఖమ్మం పట్టణంలో దంతవైద్య కళాశాల ఉంది. అక్కడి నుంచి కొత్తగూడెం, పాల్వంచ దాటి, గోదావరి వంతెన మీదుగా భద్రాచలం చేరడానికి నూరు కిలోమీటర్లకు పైగా ప్రయాణించాలి. ఆపైన దుమ్ముగూడెం, చర్ల మండలాల పల్లెలు, వాటి వెనుక అడవి, అడవికి ఆవల ఛత్తీస్‌గఢ్ రాష్ట్రపు సుక్మా, బీజాపూర్ జిల్లాలు. 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు భద్రాచలం చుట్టుపక్కల గ్రామాలెన్నో ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. పట్టణం తెలంగాణలో నిలిచింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. పటం మీద గీతలు మారినా నొప్పి పుట్టినవారి దారి మారలేదు. మూడు రాష్ట్రాల మనుషులు భద్రాచలం వైద్యశాలల ముందు ఒకే బల్ల మీద కూర్చుంటారు. వారిలో తెలుగే మాతృభాషగా గల కొండరెడ్లు ఉంటారు, కోయలు ఉంటారు, లంబాడీలు ఉంటారు. 2005 తరువాత దండకారణ్యంలో చెలరేగిన హింసకు వెరచి ఇటు వలస వచ్చిన గుత్తికోయలూ ఉంటారు. వీరిలో చాలామందికి తెలుగు రాదు.

అటువంటి బల్ల మీద కూర్చున్న ఒక స్త్రీని ఊహించుకుందాం. వయస్సు నలభై దాటింది. చర్ల వైపు పల్లె నుంచి తెల్లవారుజామున బయలుదేరి వచ్చింది. ఆమె వంతు వచ్చింది.

"ఏమైందమ్మా?"

"పన్ను నొప్పి సారూ."

"ఎన్నాళ్ల నుంచి?"

"నాలుగు దినాల నుంచి."

"ఏ పన్ను?"

ఆమె వేలితో చూపింది. వైద్యుడు అద్దం పెట్టి చూశాడు. "రూట్ కెనాల్ చేస్తే పన్ను నిలుస్తుంది, మూడు సిట్టింగులు పడుతుంది. లేదంటే తీసేయాలి" అన్నాడు. ఆమె ఒక క్షణం ఆలోచించి, "పీకెయ్యండి సారూ" అంది. పన్ను తీశారు. ఆమె దూది కొరుక్కుని బస్సు కోసం వెళ్లిపోయింది.

ఈ సంభాషణలో ఎవరూ అబద్ధమాడలేదు, ఎవరూ ఎవరినీ కసరుకోలేదు. అయినా జరగవలసిన సంభాషణ జరగలేదు. ఆ పన్ను నాలుగు దినాల నుంచి గాక రెండేళ్ల నుంచి ఆగి ఆగి బాధిస్తూనే ఉంది. పనికి పోనీయకుండా చేసినది మాత్రం ఈ నాలుగు దినాలే. ఆమె లెక్కలో నొప్పి అంటే పనిని ఆపిన నొప్పి. 'రూట్ కెనాల్', 'సిట్టింగు' అన్న మాటలు ఆమెకు తెలియవు. 'మూడు' అన్నది మాత్రం తెలిసింది. మూడుసార్లు రావడమంటే మూడు కూళ్లు పోవడం, మూడుసార్లు బస్సు చార్జీ. తెలియనిదాన్ని అడిగితే చులకన అవుతానేమోనన్న బెరుకు ఒకవైపు, వెనుక నిలబడినవారి తొందర మరొకవైపు. తీసిన పన్ను దవడ పన్ను, నమలడానికి ఆధారమైనది. దాన్ని కోల్పోవాలని ఆమె నిశ్చయించుకుందనడం సరికాదు. అర్థమైన ఒక్క మార్గాన్ని ఎన్నుకుంది, అంతే.

వైద్యులు వినడంలో చూపే తొందర ఈ ప్రాంతానికే పరిమితమైనది కాదు. 1984లో అమెరికాలో హోవార్డ్ బెక్‌మన్, రిచర్డ్ ఫ్రాంకెల్ అనే ఇద్దరు పరిశోధకులు 74 వైద్య సందర్శనల ధ్వనిముద్రణలను పరిశీలించారు. రోగి తన బాధ చెప్పడం మొదలుపెట్టిన సగటున 18 సెకన్లకే వైద్యుడు అడ్డు తగులుతున్నట్లు తేలింది. అవి సాధారణ వైద్యుల గదులు. దంతవైద్యుని గదిలో మరొక చిక్కు అదనంగా ఉంది. అక్కడ రోగి వెనక్కి వాలి పడుకుని ఉంటాడు, పైన ముఖముసుగు ధరించిన మనిషి, కళ్లలో దీపపు వెలుగు, నోటి నిండా పరికరాలు. మాట్లాడవలసిన అవయవాన్నే వైద్యుడు స్వాధీనం చేసుకుంటాడు. కనుక దంతవైద్యంలో సంభాషణ అంతా కుర్చీ వాలకముందే జరగాలి. ముసుగు ధరించకముందే వైద్యుడు తన ముఖం చూపించి, పేరు చెప్పి, రోగితో సమానమైన ఎత్తులో కూర్చుని అడగాలి. దీనికి ఖర్చు లేదు. పట్టే సమయం రెండు మూడు నిమిషాలు.

అడగడం ఎలాగన్నది ఆలోచించదగిన విషయం. పంటి బాధను చెప్పడానికి తెలుగు పల్లెలలో ఎన్ని మాటలున్నాయో గమనిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 'నొప్పి' అన్న ఒక్క మాటతో సరిపెట్టుకునే వైద్యుడు ఒక పరికరాన్ని చేజార్చుకున్నట్లే. పన్ను 'జివ్వుమంటోంది' అన్నారంటే చల్లనీరో పులుపో తగలగానే పుట్టి, తగలడం ఆగగానే పోయే బాధ అని అర్థం. పంటిపై గల గట్టి పింగాణి పొర అరిగిపోయి, లోపలి డెంటిన్ బయటపడిందని ఆ మాట చెబుతుంది. ఈ దశలో చిన్న పూతతోనో, పుచ్చును శుభ్రం చేసి నింపడంతోనో పని తీరవచ్చు. 'సలుపుతోంది' అన్నారంటే కథ లోతుకు వెళ్లింది. నాడి కొట్టుకున్నట్లు లోపల తపతపలాడే బాధ అది. రాత్రి పడుకోగానే పెరుగుతుంది. పంటి మధ్యలో రక్తనాళాలు, నరాలు గల గుజ్జు వాచిందన్నమాట. గట్టి గోడల మధ్య ఇరుక్కున్న గుజ్జుకు ఉబ్బడానికి చోటు ఉండదు. పడుకున్నప్పుడు తలకు రక్తం ఎక్కువగా చేరడంతో ఒత్తిడి పెరిగి నిద్ర పట్టనీయదు. 'పోటు పొడుస్తోంది' అన్నది ఏమీ తగలకుండానే తనంతట తాను వచ్చిపోయే బాధ. 'పన్ను ఎత్తుగా లేచినట్లుంది, పై పన్ను తగిలితే ఓర్వలేను' అన్నారంటే వాపు వేరు కొన దాటి ఎముకలోకి పాకిందని అనుమానించాలి. పచ్చి మామిడికాయో చింతకాయో తిని 'పళ్లు పులిశాయి' అన్నవారికి తరచుగా చికిత్సే అవసరం ఉండదు.

మరొక మాట ఉంది. దాన్ని వినకపోతే నష్టం పెద్దది. 'మెరుపు మెరిసినట్లు, కరెంటు కొట్టినట్లు' అంటారు కొందరు. ముఖం కడుక్కున్నా, గాలి తగిలినా, మాట్లాడినా చెంపలో ఒక్క క్షణం భరించరాని బాధ వచ్చి పోతుంది. అది పంటి జబ్బు కాదు. ముఖానికి స్పర్శజ్ఞానాన్నిచ్చే త్రిధార నాడికి సంబంధించిన బాధ. రోగికి అది పంటిలోనే పుట్టినట్లు తోస్తుంది. 'ఈ పన్నే, తీసేయండి' అంటాడు. తీస్తారు, బాధ పోదు. పక్క పన్ను చూపిస్తాడు. ఇలా ఆరోగ్యమైన పళ్లను ఒకటి వెంట ఒకటి పోగొట్టుకున్నవారి ఉదాహరణలు వైద్య గ్రంథాలలో ప్రపంచమంతటా ఉన్నాయి. 'ఎలా ఉంటుందమ్మా నొప్పి? దేనిలాగా ఉంటుంది?' అన్న ఒక్క ప్రశ్న ఆ పళ్లను కాపాడగలదు.

రోగికి చెప్పవలసినవాటిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, బహుశా అన్నిటికన్నా తక్కువగా చెప్పేది ఒకటుంది. నొప్పి తగ్గడం వేరు, జబ్బు తగ్గడం వేరు. పుచ్చు లోతుకు పోయి గుజ్జు చచ్చిపోయినప్పుడు అందులోని నరం కూడా చచ్చిపోతుంది. వారం రోజులు ఏడిపించిన నొప్పి ఒక ఉదయాన మాయమవుతుంది. రోగి దేవుడికి దండం పెట్టుకుంటాడు. నాటు మందు వేసి ఉంటే ఆ మందుకు కీర్తి దక్కుతుంది. లోపల మాత్రం చీము వేరు కొన దాటి ఎముకలో చోటు చేసుకుంటూ ఉంటుంది. కొన్ని నెలలకు దవడ వాస్తుంది. క్రింది దవడ చీము నాలుక క్రిందికి, మెడలోకి పాకితే ఊపిరి ఆడక ప్రాణం మీదికి వచ్చే ప్రమాదమూ ఉంది. పంటి వేరు చికిత్సలోనూ ఇదే చిక్కు. మొదటిసారి లోపలి గుజ్జు తీసి తాత్కాలికంగా మూయగానే నొప్పి పోతుంది. నొప్పి పోయాక రెండోసారి అంత దూరం ఎందుకు రావాలి? రాని రోగిని నిర్లక్ష్యపరుడని నిందించడం సులువు. 'ఈ పూట నొప్పి పోతుంది, కాని పని సగమే అయినట్లు. పైన పెట్టిన మూత ఎక్కువ కాలం నిలవదు' అని మొదటి రోజే చెప్పి ఉంటే వచ్చేవాడేమో. సూక్ష్మజీవులను చంపే మాత్రలు అయిదు దినాలకు రాసిస్తే రెండు దినాలకే మానేయడానికి కారణమూ ఇదే.

భయాల సంగతి కొంత చెప్పుకోవాలి. 'పై పన్ను పీకితే కంటిచూపు పోతుంది' అన్న నమ్మకం తెలుగునాట అన్ని జిల్లాలలోనూ వినిపిస్తుంది. దీన్ని మూఢనమ్మకమని కొట్టిపారేసే ముందు అది ఎలా పుట్టి ఉంటుందో ఆలోచించడం మంచిది. పై కోరపంటి వేరు పొడవైనది. దానికి చీము పడితే వాపు కంటి క్రింది దాకా పాకి రెప్ప మూసుకుపోతుంది. ఆ స్థితిలో పన్ను తీయించుకున్నవాణ్ణి చూసిన ఊరివారికి పన్నుకూ కంటికీ ముడి కనిపించడంలో వింతేముంది? వైద్యుడు నవ్వేస్తే రోగి నోరు మూసుకుంటాడు గాని నమ్మకాన్ని విడువడు. కపాలంలో బయలుదేరే పన్నెండు జతల నాడులలో చూపునిచ్చేది రెండవది, పళ్లకు స్పర్శనిచ్చేది అయిదవది, ఇవి రెండూ వేరువేరు తీగలని బొమ్మ గీసి చూపడానికి ఒక కాగితం చాలు. చీమును అలాగే ఉంచుకోవడమే కంటి చుట్టుపక్కలకు ప్రమాదమని, పన్ను తీయడం కాదని చెబితే ఆ భయమే రోగిని త్వరగా రప్పిస్తుంది.

'పంటి పురుగు' కూడా అటువంటిదే. పుచ్చిన పంటిలో పురుగు ఉంటుందని, వాకుడు గింజల పొగ పడితే రాలిపోతుందని నమ్మేవారు ఇప్పటికీ ఉన్నారు. ఇది ఒక్క మన దేశపు భావన కాదు. ప్రాచీన నాగరికతలెన్నో పంటి పురుగును నమ్మాయి. 1728లో తన దంతవైద్య గ్రంథాన్ని వెలువరించిన ఫ్రెంచి వైద్యుడు పియేర్ ఫోషార్ ఆ పురుగు తనకు కనిపించలేదని వాదించాడు. 1890లో విల్లోబి మిల్లర్ అసలు కారణాన్ని నిరూపించాడు. నోటిలోని సూక్ష్మజీవులు తీపిని, పిండి పదార్థాన్ని పులియబెట్టి ఆమ్లాన్ని పుట్టిస్తాయి. ఆ ఆమ్లం పింగాణిని కరిగిస్తుంది. కాబట్టి పురుగు ఉందన్నవారితో వాదానికి దిగనవసరం లేదు. 'పురుగులు ఉన్నాయమ్మా, కాని కంటికి కనిపించనంత చిన్నవి. పొగకు పోవు, పాచి తోమితే పోతాయి' అంటే సరిపోతుంది. రోగి నమ్మకం నుంచే దారి మొదలుపెట్టి శాస్త్రం దాకా నడిపించడం, ఎదుట నిలబడి రమ్మని కేకలు వేయడం కన్నా సులభం.

నల్లగొండ జిల్లా ఫ్లోరైడు నీటి సంగతి రాష్ట్రమంతా ఎరిగినదే. ఈ దేశంలో ఫ్లోరోసిస్ గురించిన తొలి నివేదిక 1937లో అప్పటి నెల్లూరు జిల్లా నుంచి వెలువడింది. ఈ నీరు త్రాగి పెరిగిన పిల్లల పళ్లపై గోధుమరంగు మచ్చలు పడతాయి. పన్ను చిగురు క్రింద రూపొందుతున్నప్పుడే పడిన మచ్చ అది. ఎంత తోమినా పోదు. అటువంటి పిల్లవాణ్ణి 'పళ్లు తోమవా?' అని అందరి ముందు అడిగినవారు బడిలో ఉన్నా వైద్యశాలలో ఉన్నా చేసింది అన్యాయమే. ఆ పిల్లవాడు ఆపైన నవ్వేటప్పుడు చేయి అడ్డం పెట్టుకుంటాడు.

గార తీయించుకుంటే పళ్లు వదులవుతాయన్నది మరొక ఫిర్యాదు. చిగుళ్ల అంచున గట్టిపడిన గార, వాచిన చిగుళ్లు కలిసి అప్పటికే కదులుతున్న పళ్లను పట్టి ఉంచుతాయి. గార తీసి, వాపు తగ్గాక సందులు బయటపడతాయి, చల్లనీరు కొన్నాళ్లు జివ్వుమంటుంది. ముందుగా చెబితే ఇది చికిత్స. చెప్పకపోతే వైద్యుడు చేసిన చెరుపు.

పొగాకు విషయం చెప్పేటప్పుడు మాటను మరింత జాగ్రత్తగా వాడాలి. ఇది తునికాకు అడవి. బీడీలకు ఆకు పోయేది ఇక్కడి నుంచే. చుట్ట, బీడీ, ఖైనీ, గుట్కా అన్నీ ఈ పల్లెలలో ఉన్నాయి. 'పొగాకు అలవాటు ఉందా?' అని అడిగితే 'లేదు' అని సమాధానం వస్తుంది. ఎందుకంటే ఖైనీ నమిలేవాడికి అది పొగ కాదు, చుట్ట తాగే స్త్రీకి నలుగురి ముందు ఒప్పుకోవడం సిగ్గు. శ్రీకాకుళం తీర గ్రామాలలో స్త్రీలు చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని పీల్చే 'అడ్డపొగ' అలవాటును, దానితో అంగిట్లో పుట్టే పుండ్లను పరిశోధకులు దశాబ్దాల క్రితమే లోకానికి తెలిపారు. వారికి ఆ సంగతి తెలిసింది ఇళ్ల ముంగిళ్లలో కూర్చుని అడిగినందువల్లనే. దంతవైద్యుడు తక్కినవారిని పక్కకు పంపి, 'ఏది వాడతారు? బుగ్గలో ఏ పక్కన పెట్టుకుంటారు?' అని కూరగాయల ధర అడిగినంత మామూలుగా అడగాలి. సమాధానం చెప్పిన చోట అద్దం పెట్టి చూడాలి. తెల్లని లేదా ఎర్రని మచ్చ, రెండు వారాలు దాటినా మానని పుండు, మూడు వేళ్లు పట్టనంతగా బిగుసుకుపోయిన నోరు కనబడితే అప్పుడు దాచకుండా చెప్పాలి. క్యాన్సరు అన్న మాట పలకడానికి వెనుకాడి 'ఒకసారి ఖమ్మం వెళ్లి చూపించుకోండి' అని ఊరుకున్నందువల్ల వెళ్లనివారు ఉంటారు. 'ఇది ఇంకా క్యాన్సరు కాకపోవచ్చు, ఇప్పుడు చూపిస్తే ఆపవచ్చు, ఆలస్యం చేస్తే ఆపలేకపోవచ్చు' అన్న మూడు ముక్కలు భయపెట్టినా దారి చూపుతాయి.

భాష రానివారితో ఏం చేయాలి? కోయ భాష తెలుగుకు దూరపుది కాదు. గోండి, కోయ, కువి మొదలైనవన్నీ తెలుగుతో కలిసి ఒకే ద్రావిడ ఉపకుటుంబానికి చెందినవని భద్రిరాజు కృష్ణమూర్తి వంటి భాషావేత్తలు నిరూపించారు. మన 'పల్లు' తమిళంలో 'పల్', కన్నడంలో 'హల్లు', గోండిలో 'పల్'. అయినా బంధుత్వం ఉన్నంత మాత్రాన సంభాషణ సాగదు. 2004లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కోయతో సహా ఎనిమిది గిరిజన భాషలలో బడిపిల్లలకు మాతృభాషలో చదువు మొదలుపెట్టింది. బడిలో గుర్తించిన అవసరం వైద్యశాలలోనూ ఉంది. సాధారణంగా రోగి వెంట వచ్చిన ఆశ్రమ పాఠశాల విద్యార్థి దుబాసీ అవుతాడు. వైద్యుడు నాలుగు వాక్యాలు చెబితే పిల్లవాడు ఒక్క ముక్కలో చేరవేస్తాడు. తల్లికి నోటిలో పుండు ఉందని, అది ప్రమాదకరమైనదని చెప్పే భారం పదమూడేళ్ల కొడుకుపై పెట్టడం తగదు. గ్రామంలోని ఆశా కార్యకర్త ఇందుకు తగిన మనిషి. ఆమె ఉన్నప్పుడు కూడా వైద్యుడు ఆమె వైపు కాక రోగి వైపు చూసి మాట్లాడాలి, ఒక్కొక్క వాక్యం చెప్పి ఆగాలి. 'నొప్పి', 'చీము', 'ఉమ్మవద్దు', 'ఎల్లుండి రండి' వంటి ఇరవై ముప్పై కోయ మాటలు నేర్చుకున్న వైద్యుణ్ణి చూసి రోగి నవ్వవచ్చు. ఆ నవ్వుతోనే బెరుకు సగం పోతుంది.

తెలుగు వచ్చినవారితోనూ మాట ఎంపికలో పొరపాట్లు జరుగుతాయి. 'మత్తు సూది' అంటే స్పృహ తప్పుతుందని, ఇంటికి పోలేమని భయపడేవారు ఉన్నారు. 1943లో స్వీడన్‌లో తయారైన లిడోకెయిన్ మందునే నేటికీ ఎక్కువగా వాడుతున్నారు. దానితో మనిషికి మత్తు రాదు. పన్ను, పెదవి రెండు మూడు గంటలు మొద్దుబారుతాయి. 'మొద్దుబారే సూది' అంటే సరిపోతుంది. 'నొప్పి తెలియదు, నొక్కుడు మాత్రం తెలుస్తుంది' అని ముందే అనాలి. అనకపోతే నొక్కుడు తెలియగానే మందు పనిచేయలేదనుకుని రోగి వణికిపోతాడు. 'బీపీ, షుగరు ఉన్నాయా?' అన్నదానికి మాత్రలతో అదుపులో ఉన్నవారు 'లేవు' అంటారు. 'రోజూ ఏ మాత్రలు మింగుతారు? అట్ట తెచ్చారా?' అని అడిగితే నిజం బయటికి వస్తుంది. రక్తాన్ని పలుచబరిచే మాత్రలు వాడేవారి సంగతి పన్ను తీసిన తరువాత తెలియడం ఎవరికీ క్షేమం కాదు. 'పంటి మీద ఏమైనా పెట్టారా?' అన్నది కూడా కసురుగా గాక అడగవలసిన ప్రశ్నే. జిల్లేడు పాలు పోసుకున్నవారి చిగుళ్లు కాలి ఉంటాయి.

చిన్నపిల్లల విషయంలో 1959లో హెరాల్డ్ అడెల్‌స్టన్ అనే అమెరికన్ దంతవైద్యుడు సూచించిన పద్ధతి నేటికీ బోధిస్తున్నారు. మొదట చెప్పాలి, తరువాత చూపాలి, ఆపైన చేయాలి. గిర్రున తిరిగే పరికరాన్ని ముందు పిల్లవాడి గోటి మీద తిప్పి చూపిస్తే దాని చప్పుడు భయం కాక వినోదమవుతుంది. పెద్దలకైనా చెయ్యెత్తితే ఆపుతానని మాటిచ్చి, ఎత్తగానే నిజంగా ఆపితే చాలు. చాలామంది మళ్లీ ఎత్తరు.

చట్టం సంగతి క్లుప్తంగా. 2008లో సమీరా కోహ్లీ కేసులో సుప్రీంకోర్టు సమ్మతి అంటే ఏమిటో వివరించింది. చేసే చికిత్స ఏమిటో, ఎందుకో, దానికి ప్రత్యామ్నాయాలేవో, ముఖ్యమైన ప్రమాదాలేవో, చేయించుకోకపోతే ఏమవుతుందో తెలిసిన తరువాత ఇచ్చినదే సమ్మతి. చదవలేనివారి చేత ఆంగ్ల పత్రం మీద వేలిముద్ర వేయించుకోవడంతో ఆ బాధ్యత తీరదు.

రోగి జీవితపు పంచాంగాన్ని తెలుసుకోవడం కూడా సంభాషణలో భాగమే. వేసవి మొదట్లో ఇప్పపూల కాలం, ఆ వెంటనే తునికాకు కాలం. ఆ వారాలలో సంపాదించినదే చాలా కుటుంబాలకు ఏడాది ఆసరా. వానాకాలంలో వాగులు పొంగితే దారులు తెగుతాయి. 2022 జూలైలో భద్రాచలం వద్ద గోదావరి 71 అడుగులు దాటి ప్రవహించింది. అటువంటప్పుడు 'వచ్చే మంగళవారం రండి' అని చీటీ రాసివ్వడం చేతి అలవాటే తప్ప సలహా కాదు. 'మళ్లీ ఎప్పుడు రాగలరు?' అని అడిగి, రెండు పనులను ఒకే రోజున ముగించే వీలుంటే ముగించి, సంతకు వచ్చే రోజునే రమ్మంటే వస్తారు.

పన్ను తీసిన తరువాత చెప్పే జాగ్రత్తలది మరొక విచిత్రం. దూదిని అరగంట కొరికి పట్టాలి, ఆ రోజంతా ఉమ్మరాదు, పుక్కిలించరాదు, చుట్ట తాగరాదు. ఇవన్నీ రోగి నోట్లో దూది కుక్కి, పెదవి మొద్దుబారి, చూపు బస్సు మీద ఉన్నప్పుడు చెబుతారు. అడుగుదామన్నా అతడికి నోరు లేదు. సూది వేసిన తరువాత మందు పట్టేదాకా వేచి ఉండే అయిదు నిమిషాలు ఉన్నాయి. చెప్పవలసినవి అప్పుడు చెప్పవచ్చు.

చర్ల వైపు నుంచి వచ్చిన ఆ స్త్రీ మరొక రోజున, మరొక గదిలో కూర్చుందనుకుందాం. ఈసారి ఉన్నది యువ వైద్యురాలు. ఆమె ముసుగు దించి, పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది.

"మొట్టమొదట ఎప్పుడు నొప్పి పుట్టింది పెద్దమ్మా?"

"పోయినేడు కాదు, ఆ ముందటేడు ఆకు కోతల్లో."

"ఎట్లా ఉండేది?"

"అప్పుడు జివ్వుమనేది. ఇప్పుడు రాత్రంతా సలుపుతోంది డాక్టరమ్మా. పీకెయ్యి."

వైద్యురాలు కాగితం మీద పన్ను బొమ్మ గీసింది. పైన పుచ్చు, మధ్య గుజ్జు, క్రింద వేళ్లు. గుజ్జు చెడిందని, దాన్ని తీసి శుభ్రం చేసి మూస్తే పన్ను నమలడానికి మిగులుతుందని, రెండుసార్లలో పూర్తిచేయడానికి ప్రయత్నిస్తానని, ఎంత ఖర్చవుతుందో, తీసేస్తే ఏమవుతుందో చెప్పింది. ఆపైన పెద్దమ్మను పరీక్షిస్తున్నట్లు గాక, తాను సరిగా చెప్పానో లేదో చూసుకుంటున్నట్లు అడిగింది.

"నేను గబగబా చెప్పేశాను. ఇంటికి పోయి కోడలికి ఏమని చెబుతావు పెద్దమ్మా?"

పెద్దమ్మ కొంతసేపు ఆలోచించింది.

"ఈ పూట పోయి మళ్లీ సంత రోజుకు రావాలని చెబుతా. నొప్పి తగ్గితే రానక్కర్లేదని..."

"అదిగో, అక్కడే తప్పు చెప్పాను నేను" అని వైద్యురాలు మళ్లీ కాగితం ముందుకు జరిపింది.

పెద్దమ్మ బొమ్మలోని గుజ్జు మీద వేలు పెట్టింది. "ఇది చచ్చినాక నొప్పి ఉండదు. నొప్పి లేకున్నా రావాలె. అంతేనా?"

"అంతే."

"మరి ఆ పక్క నమలొద్దా?"

ఆ ప్రశ్న ఆమె అడిగినదే. ఎవరూ అడిగించినది కాదు.